సిడ్నీ సంగీతరూపకశాల: ఒక విధివాక్యవిచారము

లోకమునఁ గల నాట్యశాలలలో ఆకారముచేతనే గుఱుతింపఁబడునవి మిక్కిలి కొలఁది. అట్టివానిలో సిడ్నీనగరపు శాల యొకటి. ఆస్ట్రేలియాదేశమున ఆ నగరపు రేవులో, మూఁడువైపుల నీరు గల యొక మొనయందు, గాలికి నిండిన తెఱచాపలఁ బోలు తెల్లని కప్పులతో నది నిలిచియున్నది. దానిపేరు సిడ్నీ ఒపేరా హౌస్. ఒపేరా యనఁగా పాటచేతనే కథ నడచు రూపకము. వాద్యబృందము తోడుగా వాయించుచుండ, పాత్రలు తమ సంభాషణమును బాడుదురు. మన యక్షగానమునకు దూరపుజ్ఞాతి యనవచ్చును. కావున నా పేరునకు సంగీతరూపకశాల యని యర్థము. కాని యా భవనమందలి పెద్దశాలలో ఒపేరాకు వలయు తెఱయు, నేపథ్యమును, రంగయంత్రములును లేవు. అది వాద్యగోష్ఠులకై యేర్పడిన శాల. ఒపేరాలు దాని ప్రక్కనున్న చిన్నశాలలో నాడఁబడుచున్నవి. పేరు పెద్దశాలను విడిచి చిన్నశాలయందు సార్థకమగుచున్నది. ఇట్లేల జరిగెనో విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

పదములు యౌగికములు, రూఢములు, యోగరూఢములు నని శాబ్దికులు విభజింతురు. మండపశబ్దమునే చూడుఁడు. మండమనఁగా గంజి, దానిని ద్రాగువాఁడు మండపుఁడని యవయవార్థము వచ్చును. గృహవిశేషమున నీ పదము వాడునపుడు గంజితోఁ బని లేదు; అది కేవలరూఢి. సిడ్నీశాల పేరు పుట్టినపుడు యౌగికము. పెద్దశాలను జూచి పలుకునపుడు నేఁడది రూఢి. యోగమునుండి రూఢికి జాఱిన యీ నడుమ పదునాఱేండ్ల కథ యున్నది. ఆ కథను దూఁచుటకు మనకొక ప్రమాణము వలయును.

భరతముని నాట్యశాస్త్రమున ద్వితీయాధ్యాయము మండపవిధానమునకై యేర్పడినది. మానవల్లి రామకృష్ణకవిగారు అభినవగుప్తుని వ్యాఖ్యతోఁ బరిష్కరింపఁగా 1926లో బరోడానుండి వెలువడిన ప్రథమసంపుటముచేత నది పండితలోకమునకు సులభమైనది. అందు నాట్యగృహములు ఆకారమునుబట్టి వికృష్టము, చతురస్రము, త్ర్యస్రము నని మూఁడు. పరిమాణమునుబట్టి జ్యేష్ఠము, మధ్యమము, అవరము నని మూఁడు. జ్యేష్ఠమునకు 108 హస్తములు, మధ్యమమునకు 64, అవరమునకు 32. మర్త్యులకు 64 హస్తముల పొడవును, 32 హస్తముల వెడల్పును గల మండపమే తగునని ముని నిర్ణయము. హస్తమనఁగా 24 అంగుళములు, మన మూర. మూరకు ఒకటిన్నర అడుగు చొప్పున 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అందు వెనుకసగము రంగమునకును, నేపథ్యమునకును పోఁగా ప్రేక్షకులకు మిగులునది 48 అడుగుల చదరము. మనిషికి ఆఱు చదరపుటడుగులు విడిచినచో 384 మందికిఁ జోటు.

విద్యార్థు లీ సంఖ్యలను ఎక్కముల పట్టికవలె వల్లించి విడుచుచున్నారు. ముని సంఖ్యతో నిలువలేదు. హేతువును గూడఁ జెప్పెను. ఇంతకు మించిన గృహమునఁ బలికిన పాఠ్యము స్వరము చెడి యస్పష్టమగును. నటుని ముఖమందలి దృష్టిభావములును దూరస్థులకుఁ గానరావు. ఈ రెండే హేతువులు. మఱియు మండపము కొండగుహవలె నుండవలెననియు, కిటికీలు చిన్నవై గాలి చొరకుండవలెననియు, అట్లయినఁ గంఠధ్వనికి గాంభీర్యము కలుగుననియు నచటనే చెప్పఁబడినది. కావున నీ యధ్యాయమున శిల్పికిఁ గొలత నిచ్చునవి ప్రేక్షకుని చెవియుఁ గన్నును. ఈ సూత్రమును బట్టుకొని యిఁక సిడ్నీకి పోవుదము.

ఆ మొనకు బెన్నెలాంగ్ మొన యని పేరు. ఆ దేశపు టాదివాసులలో బెన్నెలాంగ్ అను పురుషునకై తొలి యాంగ్లేయాధిపతి యగు ఫిలిప్పు 1790లో నచట నొక గుడిసె కట్టించెను. ఆ పేరు స్థలమునకు నిలిచినది. పిమ్మట నచట మక్వారీకోట యుండెను. 1901లో కోటను బడఁగొట్టి ట్రాముబండ్ల కొట్టము గట్టిరి. 1947లో యూజీన్ గూసెన్స్ అను నాంగ్లేయ సంగీతవేత్త సిడ్నీ వాద్యబృందమునకు నాయకుఁడుగా వచ్చెను. నగరమందలి టౌనుహాలు తప్ప గోష్ఠులకు వేఱుచోటు లేదని యాతఁడు చింతించి, యీ మొనయందే మహాశాల యొకటి వెలయవలెనని యేండ్ల తరబడి వాదించెను. ఆ రాష్ట్రప్రధాని యగు జోసెఫ్ కేహిల్ ఆ మాట చెవినిడెను. గూసెన్స్ 1956లో నా దేశమును విడిచిపోయినను సంకల్పము మాత్రము నిలిచినది.

ఇప్పుడు విధివాక్యము వచ్చుచున్నది. శిల్పులను బోటీకిఁ బిలుచుచు నా ప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము భవనమున రెండుశాల లుండవలెను. మొదటిది మూఁడువేలకుఁ దక్కువగాక మూఁడువేల యైదువందలవఱకు జనులు పట్టునది. అందు మహావాద్యగోష్ఠియు, పెద్ద ఒపేరాయు, నృత్యరూపకమును, బృందగానమును, మహాసభలును జరుగవలెను. రెండవది సుమారు 1,200 మంది పట్టునది. అందు నాటకములును, చిన్న ఒపేరాలును జరుగవలెను. పండితులు మొదటి నియమమును మఱల నొకసారి చదువవలెను. ఒకే గృహమునకు వాద్యగోష్ఠియు విధేయము, పెద్ద ఒపేరాయు విధేయము. ఒకే వాక్యము రెండర్థములను వేఱువేఱుగా విధించినచో వాక్యభేదమను దోషము తటస్థించునని మీమాంసకులు చెప్పుదురు. ఆ దోష మిచట శిలయందును, ఇనుమునందును మూర్తీభవించినది.

ఈ రెండు విధేయములకు విరోధ మెక్కడ? శాలలోఁ బుట్టిన ధ్వని నేరుగాఁ జెవిఁ జేరును. పిదప గోడలకును, గప్పునకును దాఁకి మఱలి మఱలి వచ్చుచు గ్రమముగ నణఁగును. మూలధ్వని యాఁగిన తరువాత నిలుచు నీ శేషమును అనురణన మనవచ్చును. ఆనందవర్ధనాచార్యుఁడు వ్యంగ్యార్థమునకు ఘంటానురణనమును బోలిక చెప్పెను. వాక్యపదీయమున భర్తృహరి, శబ్దమును దెలుపు ప్రాకృతధ్వని వేఱనియు, దానివెనుక సాఁగు వైకృతధ్వని వేఱనియు విడఁదీసెను. ఈ విభాగమును శాలాధ్వనికిఁ దాత్పర్యముగాఁ జెప్పరాదు. సాదృశ్యముగా మాత్రము గ్రహింపవచ్చును. వందమంది యొక్కుమ్మడిగా వాయించు వాద్యగోష్ఠికి సుమారు రెండు సెకండ్ల యనురణనము మేలు. నాదము నాదముతోఁ గలసి నిండుదనము వచ్చును. అంత యనురణన మున్నచోటఁ బాత్ర పాడినచో మొదటి యక్షరపు శేషము రెండవ యక్షరముపైఁ బడి పదము చెడును. కావున ఒపేరాకు ఒకటిన్నర సెకండు, అంతకుఁ దక్కువయును దగును. శాల విస్తారమైనకొలఁది, ధ్వనిని బీల్చు వస్తువులు తక్కువైనకొలఁది, అనురణనము పెరుగును. విస్తారమైన గృహమునఁ బాఠ్యము చెడునని భరతుఁడు చెప్పిన దానికి నేఁటి లెక్కలచేతఁ దెలిసిన కారణములలో నిదియొకటి.

పోటీకి 233 చిత్రములు వచ్చెను. 1957 జనవరి 29వ తేదీన డెన్మార్కుదేశస్థుఁడగు యోర్న్ ఉట్సన్ గెలిచినట్లు ప్రకటింపఁబడెను. అప్పటి కాతనికి 38 ఏండ్లు. తండ్రి నౌకాశిల్పి. ఉట్సన్ సిడ్నీని జూచియుండలేదు; సముద్రపటములను బరిశీలించి యా మొనయొక్క స్వరూపమును గ్రహించెను. మెక్సికోదేశమందలి ప్రాచీనమయవేదికలను జూచిన యనుభవమున విశాలమైన రాతివేదిక నొకదానిని గల్పించి, దానిపై రెండుశాలలను ప్రక్కప్రక్కను నిలిపి, యెత్తైన చిప్పలవంటి కప్పులతోఁ గప్పెను. ప్రక్కప్రక్కను నిలుపుటచేత రంగమునకు రెండుపార్శ్వములందు వలయు చోటు తగ్గెను. దృశ్యసామగ్రిని గ్రిందినుండి యంత్రములచేఁ బైకెత్తవలెనని యాతని యాలోచన. ఈ సంగతి ముందునకుఁ బనికివచ్చును.

1959 మార్చి 2వ తేదీన బని మొదలయ్యెను. చిత్రములు పూర్తికాకమునుపే పని మొదలిడుట ప్రభుత్వపు తొందర. కేహిల్ ఆ యేఁడు అక్టోబరులోఁ గాలధర్మము నొందెను. కప్పునకుఁ గచ్చితమైన క్షేత్రగణిత మేర్పడకమునుపే క్రింది స్తంభములు గట్టఁబడినందున, తరువాత నవి భారమునకుఁ జాలక కొన్నిటిని బగులఁగొట్టి మరలఁ గట్టవలసివచ్చెను. కప్పులను నిర్మించు మార్గము నెదకుటలోనే ఉట్సనుకును, ఓవ్ ఆరప్ అను నింజనీరు సంస్థకును పెక్కేండ్లు పట్టెను. 1961లోఁ బరిష్కారము దొరికెను: చిప్పలన్నియు సుమారు 75 మీటర్ల వ్యాసార్ధము గల యొకే గోళమునుండి కోసిన ఖండములు కావలెను. ఒకే ధాతువునుండి పెక్కు రూపములు సిద్ధించినట్లు, ఒకే గోళమునుండి చిన్నవియుఁ బెద్దవియు నైన కప్పులన్నియు సిద్ధించెను. వంపు సర్వత్ర సమానము గనుక కాంక్రీటు ఖండములను గొలఁది యచ్చులలోనే పోయవచ్చును. పైన బరచిన పింగాణిపెంకులు స్వీడనుదేశమునఁ జేయఁబడినవి. వాని సంఖ్య 10,56,006.

పని సాఁగుచుండఁగా, 1960 నవంబరు 9వ తేదీన పాల్ రోబ్సన్ అను నల్లజాతి మహాగాయకుఁ డచ్చటికి వచ్చి పనివాండ్ర యెదుట నిలిచి పాడెను. గోడలు లేవు, కప్పు లేదు. కట్టువారే వినువారు. నాట్యశాస్త్రకథలోఁ గూడ మొదటి ప్రయోగము ఇంద్రధ్వజోత్సవమున బయలనే జరిగెను. విఘ్నములు కలిగినపిదపనే విశ్వకర్మ నాట్యవేశ్మమును గట్టెను. రెండుచోట్లను బాట ముందు, గృహము వెనుక.

1965లోఁ బ్రభుత్వము మాఱినది. వ్యయము మొదట వేసిన యంచనాను మించిపోయెను, కాలమును దాఁటిపోయెను. క్రొత్త ప్రభుత్వమునకును శిల్పికిని నడుమ చిత్రముల విషయమునను, సొమ్ము చెల్లింపు విషయమునను వివాదము పెరిగెను. 1966 ఫిబ్రవరి 28వ తేదీన ఉట్సన్ పనినుండి తొలఁగెను. అతనినే నిలుపవలెనని జనులు వీథులలో నూరేగింపులు జరిపిరి, ఫలము లేకపోయెను. ఏప్రిలులో నాతఁడు దేశమును విడిచెను, మఱల రాలేదు. అప్పటికి వేదికయుఁ, గప్పుల రూపమును నిర్ణీతములు. లోపలిశాలలకై యాతఁడు వేసిన చిత్రములు చిత్రములుగనే మిగిలెను. పని పీటరు హాల్ మొదలగు నా దేశపు శిల్పుల చేతికి వచ్చెను.

వారి యెదుట వాక్యభేదము నిలిచెను. వాద్యబృందమును బోషించు రేడియోసంస్థ, పెద్దశాలలో దమకుఁ దగినన్ని యాసనములును, రెండుసెకండ్ల యనురణనమును వలయు నని పట్టుపట్టినది. ఆ రెంటిని నిచ్చుచు నదే కప్పు క్రింద ఒపేరారంగమును నిలుపుట సాధ్యము కాలేదు. 1967లో నిర్ణయము జరిగెను: పెద్దశాల వాద్యగోష్ఠికే, ఒపేరా చిన్నశాలకుఁ బోవలెను. పెద్దశాలలో నప్పటికే యమర్చిన రంగయంత్రములను విప్పి పాఱవేసిరి. చిన్నశాల మొదట నాటకములకై యుద్దేశింపఁబడినది. దాని కప్పు మాఱదు, గోడలు జరుగవు. రంగపార్శ్వములు సంకుచితములు. వాద్యకారులు కూర్చుండు పల్లము ఇఱుకై, కొంత రంగము క్రిందికిఁ జొచ్చుకొనిపోవును. అచటఁ గూర్చున్నవారి చెవులకు వారి వాద్యములే బాధకములు. చిన్నశాలకు సుమారు 1,500 ఆసనములు. పెద్దశాలకుఁ బ్రారంభమున 2,679.

1973 సెప్టెంబరు 28న చిన్నశాలలో ప్రొకోఫియెవ్ రచించిన యుద్ధము-శాంతి యను ఒపేరా యాడఁబడెను. మఱునాఁడు పెద్దశాలలో వాద్యగోష్ఠి జరిగెను. అక్టోబరు 20న ఎలిజబెత్తు రాణి భవనమును బ్రారంభించెను. మొదటి యంచనా 70 లక్షల డాలర్లు; తుదకైన వ్యయము 10 కోట్ల 20 లక్షలు. అందు నధికభాగము లాటరీచీట్లవలన వచ్చినదే. భవనస్థలమంతయుఁ గలసి పొడవు 185 మీటర్లు, వెడల్పు 120. తుది కప్పు కొన సముద్రముపై 67 మీటర్లు. మన మూరలలో నన్నూఱు మూరల పొడవు! అయినను ఇది వేదికకుఁ గొలత, శాలకుఁ గాదు. ఈ భేదమును మఱచి భరతుని 64 హస్తములతోఁ బోల్చుట న్యాయము కాదు.

కథ యంతటితో ముగియలేదు. పెద్దశాలలోఁ గప్పు వేదికకు 25 మీటర్ల యెత్తున నుండుటచేత వాద్యకారులు తోడివారి ధ్వనిని దాము వినలేకపోయిరి. పైకిఁ బోయిన ధ్వనిని ద్రిప్పి పంపుటకు వలయాకారములగు పలకలు వ్రేలాడఁగట్టఁబడినవి, అవియుఁ జాలవయ్యెను. తుదకు 2020లో శాలను మూసి, వేదికను 40 సెంటీమీటర్లు దింపి, వలయములు తీసి పూరేకులవంటి పలకలు కట్టి, ప్రక్కగోడలకు అలలవంటి కొయ్యపలకలు సంతరించి, యంత్రములచే జరుగు తెరలు వ్రేలాడఁదీసి, 2022 జులైలో మఱలఁ దెఱచిరి. ఈ సంస్కారమునకు 15 కోట్ల డాలర్లు పట్టినవి. చెవికొఱకుఁ జేయవలసినదానిలోఁ గొంత ప్రారంభమైన 49 ఏండ్లకు జరిగినదన్నమాట.

ఉట్సన్ గతి కూడఁ దెలుపవలెను. 1999లో ఆ ప్రభుత్వము ఆతనితో మైత్రి పునరుద్ధరించి, భవనము భవిష్యత్తునఁ బాటింపవలసిన సూత్రములను వ్రాయుమని కోరెను. 2003లో శిల్పులకు మహాగౌరవమగు ప్రిట్జ్‌కర్ బహుమానము వచ్చెను. 2004లో ఆతఁడు నిరూపించిన గది యొకటి యచ్చట సిద్ధమయ్యెను. 2007లో భవనము ప్రపంచవారసత్వస్థలములలోఁ జేర్పఁబడెను. 2008 నవంబరు 29న, పూర్తియైన భవనమును గన్నులారఁ జూడకయే, తొంబదియవ యేఁట నాతఁడు మరణించెను.

ఇచట పూర్వపక్షము: దోషమంతయు శిల్పిదే, ముందు బయటిరూపమును దీర్చి, పిదప లోపల శాలలను ఇఱికింపఁజూచెను, రూపము ప్రధానమై ప్రయోజనము గుణీభూతమైనది. ఈ మాట తఱచుగా వినఁబడును. ఇందు సత్యాంశము లేకపోలేదు. కప్పు నిర్ణీతమైనందుననే పిదపవారికి స్వాతంత్ర్యము లేకపోయినది. ప్రక్కప్రక్క నిలిపినందుననే రంగపార్శ్వములు కొఱవడినవి. కాని సిద్ధాంతము వేఱు. ఏ రూపమును గట్టినను, ఒకే శాల యేకకాలమున రెండుసెకండ్ల యనురణనమును, ఒకటిన్నర సెకండు యనురణనమును గలదై యుండఁజాలదు. తెరలు వ్రేలాడఁదీసి కొంత తగ్గింపవచ్చును. అది ప్రాయశ్చిత్తము, ప్రధానవిధి కాదు. మూఁడువేల జనులకు మించిన సంఖ్యయు, పరస్పరవిరుద్ధములగు రెండు ప్రయోజనములును మొదటి నియమపత్రమునందే యుండెను. కావున ప్రథమదోషము విధించినవారిది. ద్వితీయదోషము మాత్రమే నిర్మించినవానిది.

మఱియొక యాక్షేపము: భరతుని లెక్కయే ప్రమాణమైనచో 384 మందికి మించిన శాలలన్నియు నింద్యములు కావలె గదా? అట్లు కాదు. సంఖ్య కాలదేశములను బట్టినది. అది చెవికిని గంటికిని గల శక్తిని ఉపలక్షించుచున్నది. ముని తలఁచినది ఒక నటుని పాఠ్యమును, ముఖభావమును. వందమంది వాద్యకారులు గల గోష్ఠికి వాని హేతువునే యన్వయించినచో పెద్దశాలయే సిద్ధించును. సంఖ్యను విడిచినను హేతువును విడువరాదు. హేతువు నడుగక సంఖ్యను మాత్రము నిర్ణయించినందున సిడ్నీలో నేమయ్యెనో చూచితిమి.

ఈ కథ మన కేల యందురేని, మన పట్టణములందును, పాఠశాలలందును గట్టఁబడు సభామందిరములకు మొదటి ప్రశ్న ఎంతమంది పట్టుదురనియే. పద్యము వినఁబడునా, పాఠము వినఁబడునా యను ప్రశ్న పైకప్పు పడినపిదప వచ్చును. అప్పుడు ధ్వనివర్ధకయంత్రము నొకదానిని దెచ్చి పెట్టుదురు. యంత్రము ధ్వనిని బెంచును గాని, ముందటి యక్షరపు శేషమును తుడువదు. దానినిఁ గూడఁ బెంచును. నాట్యశాస్త్ర ద్వితీయాధ్యాయమును బోధించు గురువులు 108, 64, 32 అను సంఖ్యలతోఁ బాటు హేతువాక్యమును గూడ విద్యార్థులచేఁ బలికించి, తమ పాఠశాలామందిరముననే కడపటి వరుసలో నొకనిని నిలిపి, మొదటి వరుసలోనివాఁడు చదివిన పద్యమందలి సంయుక్తాక్షరములు వానికెట్లు వినఁబడినవో యడిగినచో, శాస్త్రము జీవించునని నా విశ్వాసము. సిడ్నీశాల సౌందర్యమున కెవ్వరును వంక పెట్టరు. పేరు రూఢిగా నిలిచినను గౌరవమునకు లోటు రాలేదు. కాని గృహము గట్టఁదలఁచినవాఁడు విధివాక్యమును వ్రాయునపుడు దాని కొక్కటే ప్రధానార్థ ముండునట్లు చూచుకొనవలెనని యా కథ తెలుపుచున్నది.